ఇప్పకుండ దగ్గర ఒక ఆదివారం

రాయపూర్ పడమటి అంచున ఉన్న టాటీబంధ్ పేరు వినగానే తెలుగు చెవికి తాటిచెట్టూ కల్లుముంతా స్ఫురిస్తాయి. ఆ పేరు వెనుక అసలు కథ ఏదైనా, నేడక్కడ కనిపించేవి లారీల బారులు, ఎయిమ్స్ ఆసుపత్రి, నగరాన్ని చుట్టిపోయే రింగురోడ్డు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఒకనాడు రైల్వే ఉద్యోగానికి వలసవచ్చిన కుటుంబంలో పుట్టి, తానూ రైల్వేలోనే పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి ఆ కూడలి దగ్గరే కాపురముంటున్నారు. ఏప్రిల్ మొదటి వారంలో హైదరాబాదు నుంచి ఆయన మేనల్లుడు వచ్చాడు.

ఆ యువకుడు అంతకు ముందు ఏడు హిమాచల్‌లోని కసౌలీ వెళ్లివచ్చాడు. బ్రిటిష్ కాలపు బ్రూవరీ భవనాలనూ, రాగి పాత్రలనూ తీసిన ఫొటోలు మామయ్యకు చూపించాడు. "ఈ చుట్టుపక్కల ఇలాంటి పాత బ్రూవరీ ఏమైనా ఉందా మామయ్యా? పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేయాలి" అని అడిగాడు.

"ఉందిరా. నువ్వు చూసినదానికంటే పాతది. బోర్డు మాత్రం ఉండదు" అన్నారాయన.

కసౌలీ బ్రూవరీని నెలకొల్పినవాడు ఎడ్వర్డ్ డయ్యర్. ఎండకు తాళలేని తెల్లదొరలకూ సైనికులకూ స్వదేశపు బీరు రుచి ఇక్కడే అందించడం ఆయన వ్యాపారం. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో తుపాకులు పేల్పించిన రెజినాల్డ్ డయ్యర్ ఆయన కుమారుడే. పాలకుడి పానీయానికి కొండమీద రాతి కట్టడం లేచింది. పాలితుడి పానీయానికి ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే మరో దారిన వెళ్లాలి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఏకంగా ఇప్పపువ్వు మీదనే చట్టం చేసింది. సారాను పట్టుకోవడం కష్టమని తోచి, చెట్టు నుంచి రాలిన పువ్వును ఏరి దాచుకోవడాన్నే కట్టడి చేసింది. ఇటు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో 1915లో వచ్చిన ఆబ్కారీ చట్టం, స్వాతంత్ర్యం వచ్చినా, 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడినా, పేరు ముందు 'ఛత్తీస్‌గఢ్' అన్న మాట చేర్చుకుని నేటికీ అమలులో ఉంది.

ఆదివారం తెల్లవారుజామున ఇద్దరూ కారులో బయలుదేరారు. టాటీబంధ్ దాటి ఖారున్ నది వంతెన ఎక్కితే అవతల కుమ్హారి. అక్కడొక పెద్ద డిస్టిలరీ ఉంది. "ఇదేనా?" అన్నాడు మేనల్లుడు. మామయ్య తల అడ్డంగా ఊపారు. భిలాయి, దుర్గ్, బాలోద్ మీదుగా ఎర్రమట్టి రోడ్డుకు ఎక్కేసరికి దల్లీ రాజహరా వచ్చింది. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన కొండలవి. ఊళ్లో షహీద్ ఆసుపత్రి ముందు ఆయన కారు ఆపించారు.

1977 జూన్‌లో పోలీసు కాల్పుల్లో మరణించిన గని కార్మికుల స్మృతికి, కార్మికులే చందాలు వేసుకుని, చెమటోడ్చి కట్టుకున్న ఆసుపత్రి అది. 1983లో ప్రారంభమైంది. ఆ కార్మికులను సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగి పోరాడి కూలిరేట్లు పెంచగలిగాడు. తీరా చూస్తే పెరిగిన కూలి సారా కొట్టుకు చేరుతోంది. అప్పుడాయన వేతన పోరాటంతో పాటు మద్య వ్యతిరేక ఉద్యమమూ నడిపాడు. తాగనని ప్రమాణం చేయించింది పోలీసు కాదు, సంఘం. తాగినవాడు సంఘం ముందే సంజాయిషీ చెప్పుకోవాలి. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. మరుసటి ఏడే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వంటి అక్షరాస్యత ఉద్యమ మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వారికి నియోగి పేరు తెలిసి ఉండకపోవచ్చు గానీ వారడిగిన ప్రశ్న ఒకటే: మా ఊళ్లో ఏది అమ్మాలో నిర్ణయించేది ఎవరు?

దల్లీ రాజహరా దాటాక అడవి మొదలైంది. కాంకేర్ జిల్లాలోకి ప్రవేశించిన కొంతసేపటికి రోడ్డు పక్కన ఇనుప ఊచల కిటికీతో ప్రభుత్వ మద్యం దుకాణం, దాని ముందు అప్పటికే బారు తీరిన జనం కనిపించారు. అక్కడి నుంచి కాలిబాట లాంటి మట్టిదారిన పోతే ఒక గోండు పల్లె. మామయ్యతో కలిసి పనిచేసిన సహోద్యోగి అక్కగారిది ఆ ఊరు. అరవై దాటిన మనిషి. ఇంటి వెనుక ఇప్పచెట్టు కింద రాలుటాకులు కాల్చి నేల శుభ్రం చేసి ఉంది. వేకువన రాలిన పువ్వంతా ఏరి చాపమీద ఆరబోశారు. ముందుగా ఎండినది ముడుచుకుని ఎండుద్రాక్షలా ఉంది.

ఈ చెట్టును తెలుగువారు ఇప్ప అంటారు, తమిళులు ఇరుప్పై అంటారు, గోండులు ఇరుప్ అంటారు. భాషలు విడిపోకముందే ఈ చెట్టుకు పేరుంది. "పాతది అన్నది ఇందుకే" అన్నారు మామయ్య.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కుండ. అందులో వారం రోజులు నానిన పువ్వు. దానిపై బోర్లించిన మరో కుండ, సందుల్లో ఆవిరి పోకుండా మెత్తిన మట్టి, పక్కకు దిగిన వెదురు గొట్టం, దాని చివర చన్నీళ్లలో కూర్చోబెట్టిన చిన్న కుండ. మర్నాడు ఊళ్లో పండగట. తొలిచుక్కలను ఆమె నేలమీద పెద్దల పేర వదిలింది. తరువాత ఆకుదొప్పలో కొంచెం పోసి అతిథికి అందించింది. పొగవాసన, పువ్వు తీపి, గొంతులో నిప్పు.

యువకుడు పర్సు తీశాడు. ఒక సీసా హైదరాబాదు పట్టుకుపోతానన్నాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది. ఆమె ఛత్తీస్‌గఢీలో చెప్పినది మామయ్య తెలుగులో చెప్పారు: "ఇంటికి కాచుకోవచ్చు, అమ్మితే నేరం. నువ్వు చుట్టానివి కాబట్టి పోశాను."

ఆదివాసులు ఇంటి అవసరాలకు పరిమితంగా కాచుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. మినహాయింపు అంటే హక్కు కాదు. గీత ఎక్కడో గీసేది, కొలిచేది వచ్చిన అధికారే.

"మీ కుండే నయం కదా, ఆ రోడ్డుమీది సీసాకంటే" అని యువకుడు అన్నాడు. నగరం నుంచి వచ్చినవారు ఇలాంటి చోట చెప్పే మాటే అది. ఆమె ఒప్పుకోలేదు.

"అలా అనకు బాబూ. మా ఆయన పోయింది ఈ కుండతోనే. అయితే కుండ పెడితే ఊరంతటికీ పొగ కనిపిస్తుంది. ఎక్కువ కాస్తే నలుగురూ కూర్చుని ఆపుతారు. నా కొడుకు తాగే సీసా ఎవరు ఆపుతారు? ఆ కొట్టు తీసేయమని సభలో అందరం అనుకున్నాం. అది మన ఊరి పొలిమేరలో లేదు, మీ సభ మాట అక్కడికి పోదన్నారు."

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండేలా చూడమంది. దానికి ఛత్తీస్‌గఢ్ నియమావళి రావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. చట్టం గ్రామసభ దగ్గర ఆగింది, కొట్టు రోడ్డు మీద నిలిచింది. రెండింటి మధ్య దూరం నడిచిపోయేటంతే.

ఈలోగా రాజధానిలో జరిగినది వేరు. 2017లో భాజపా ప్రభుత్వం ప్రైవేటు దుకాణాలను తొలగించి చిల్లర మద్యం అమ్మకాన్ని తన కార్పొరేషన్ చేతుల్లోకి తీసుకుంది. 2018లో కాంగ్రెస్ సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచి, అయిదేళ్లు పాలించి, నిషేధం అమలు చేయకుండానే దిగిపోయింది. ఆ కాలంలోనే రెండువేల కోట్ల రూపాయలకు పైబడిన మద్యం కుంభకోణం జరిగిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపణ. అది న్యాయస్థానంలో తేలవలసిన విషయం. తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. 1995లో ఎన్టీఆర్ తెచ్చిన నిషేధం 1997లో ఆయన అల్లుడి పాలనలో సడలింది. 2019 అక్టోబరులో దశలవారీ నిషేధం పేరిట ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రభుత్వ దుకాణాలు 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువయ్యాయి. నిషేధించినా, అమ్మినా, వేలం వేసినా నిర్ణయం ఖజానాదే. దూబగుంట మహిళలు తమ ఊరి చేతుల్లోకి తెచ్చుకున్న నిర్ణయాన్ని ప్రభుత్వాలు శాసనంగా మార్చి తీసుకుపోయాయి, శాసనాన్ని రద్దు చేసేటప్పుడు ఆ ఊరిని అడగలేదు.

తిరుగు ప్రయాణంలో దుకాణం ముందు బారు ఇంకా పెరిగింది. ఆమె కొడుకు అందులో ఉన్నాడో లేదో ఇద్దరికీ తెలియదు, అతణ్ణి వారెన్నడూ చూడలేదు. కారు నెమ్మదించింది గానీ ఆగలేదు. రాత్రి ఖారున్ వంతెన దాటాక టాటీబంధ్ దీపాలు కనిపిస్తుండగా మేనల్లుడు అడిగాడు.

"ఆ కొట్టు ఉన్న ఊళ్లో కూడా సభ ఉంటుంది కదా మామయ్యా? వాళ్లు ఏమన్నారో?"

"ఆ సంగతి ఆవిడా అడిగింది" అన్నారాయన. "ఆ ఊరు కూడా వద్దనే అందట. ఆ కాగితం ఇప్పుడు ఎవరి బల్లమీద ఉందో చెప్పేవాళ్లే లేరట."