పాత లిపి, కొత్త దఫ్తర్

మన ఇళ్లలో దాదాలు రాసిన ఉర్దూ ఖత్‌లు ఇంకా సందూకుల్లో భద్రంగానే ఉన్నాయి. చదివేవాళ్లే తగ్గిపోయారు. కాగితం చెదలు పట్టలేదు, సిరా వెలిసిపోలేదు, అయినా ఆ మాట మనకు అందదు. కంప్యూటర్‌లో దాచిన లెక్కలకూ ఈ ఖతరా ఉంది.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కల ప్రోగ్రామ్ నేను చూసుకుంటాను. టిక్కీ తూకం, తరుగు, హమాలీ, కమీషన్ లెక్క కట్టే పద్ధతిని ఎవరు, ఎప్పుడు మార్చారో 2007 నుంచి సబ్‌వర్షన్‌లో నమోదై ఉంది. ప్రతి మార్పునూ తేదీతో దాచే దఫ్తర్ అది. "ఆ ఏడు నాకు ఇంత తరుగు ఎందుకు పట్టారు?" అని రైతు అడిగితే గవాహీ చెప్పేది అదే. అంటే అమానత్. దాన్ని కొత్త సర్వర్‌కు మార్చేముందు ఇమ్తెహాన్ పెట్టాలి. అసలు ఖజానా మీద మాత్రం కాదు.

అందుకని కావాలనే పాత పద్ధతిలో ఒక ఖాళీ రిపాజిటరీ తయారు చేశాను. సబ్‌వర్షన్ 1.8 నుంచి రిపాజిటరీ సృష్టించేటప్పుడు 'కంపాటిబుల్ వర్షన్' అని చెప్పొచ్చు. 1.4 అంటే లోపలి ఫార్మాట్ ఫైలులో 2 అంకె పడుతుంది. 1.10 నుంచి మామూలుగా సృష్టిస్తే 8 పడుతుంది. అందులో మా పనిలో వచ్చేవన్నీ వేశాను: తెలుగు పేర్ల ఫైళ్లు, ఒక బ్రాంచి, పేరు మారినవి, తుడిచేసినవి.

తర్వాత మూడు నకళ్లు. ఒకటి ఉన్నదున్నట్టు ఉంచాను. రెండోది అప్‌గ్రేడ్ చేశాను. మూడోది డంప్ తీసి కొత్త రిపాజిటరీలో లోడ్ చేశాను. ఫరక్ చూడండి. అప్‌గ్రేడ్ పాత రివిజన్లను తిరగరాయదు. అవి పాత లిపిలోనే ఉంటాయి, ఇకపై వచ్చేవి కొత్త లిపిలో పడతాయి. డంప్, లోడ్ అయితే అన్నిటినీ కొత్తగా రాస్తుంది. పైగా అప్‌గ్రేడ్ అయ్యాక పాత 1.4 ప్రోగ్రామ్ దాన్ని తెరవలేదు. కనుక మూడింటి మీదా 'వెరిఫై' నడపాలి. ప్రతి రివిజన్‌నూ బయటికి తీసి అసలుతో పోల్చాలి.

సబ్‌వర్షన్ రాసేవాళ్లు కూడా పాత ఫార్మాట్ల వర్కింగ్ కాపీలను తమ పరీక్షల్లో భద్రపరుస్తారు. నా చిన్న నమూనా రిపాజిటరీని కూడా పారేయను. సర్వర్ మారిన ప్రతిసారీ ముందు దాని మీదే తజుర్బా.

రేపు ఏ రైతు భాయ్ 2009 నాటి చీటీ పట్టుకొచ్చినా కొట్లో జవాబు దొరకాలి. అమానత్‌ను అప్పగించేదాకా కాపాడే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలి. ఆమీన్.