డాల్ఫినును చూచివచ్చిన బాలుడు

నిజామాబాదునుండి బోధనునకు పోవు మార్గమున ఎడపల్లి దాటిన పిమ్మట ఇరుప్రక్కలను కనుచూపుమేర వరిమళ్ళే కానవచ్చును. చెరకుబండ్లు బారులుదీరి కాటాకై రాత్రింబవళ్ళు వేచియుండెడి కాలము నెరిగిన వృద్ధులు ఆ పచ్చదనమును చూచి అంతగా సంతసింపరు. ఏలయన 1937లో స్థాపితమై, ఒకనాడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్దదను ఖ్యాతి వహించిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది మొదలు ఈ సీమలో చెరకు వేయువారు అరుదైరి. ఆ కర్మాగారము మూలముననే వెలసిన శక్కర్‌నగరులో, ఒకప్పుడు చెరకుకాటాయొద్ద గుమాస్తాగా పనిచేసిన ఒక పెద్దమనిషి యింటికి నేను పోయినది చక్కెర కథ వినుటకు గాదు. ఆయన మనుమడు డాల్ఫినుతో ఈదివచ్చెనని విని పోయితిని.

బాలునకు ఏడేండ్లు. పేరుపెట్టి పిలిచినను తిరిగిచూడకుండుట, బొమ్మకారును నడుపక దాని చక్రమునే గంటలకొలది త్రిప్పుచుండుట, వచ్చిన రెండుమాటలును మూడవయేట మరల అణగిపోవుట చూచి హైదరాబాదునకు గొనిపోగా, అచ్చటి వైద్యులు ఆటిజం అని చెప్పిరి. తండ్రి దుబాయిలో ఏసీ మెకానిక్కు. గల్ఫునకు పోయినవారు లేని వాడ ఈ జిల్లాలో వెదకినను దొరకుట దుర్లభము గనుక అందులో విశేషమేమియు లేదు.

"ఆడ కొలన్ల డాల్ఫిను ఉంటదట సారూ, దాంతోని ఈతగొడితె పిలగాండ్లకు మాటలొస్తయని ఎవలో జెప్పిన్రట మావోనికి. ఇగ ఆగుతడా? విజిట్ వీసా దీసి తల్లిని, పిలగాన్ని పిలిపిచ్చుకున్నడు," అని తాతగారు చెప్పెను.

ఈ చికిత్స పుట్టినది అమెరికాలోని ఫ్లోరిడా తీరమున. 1970 దశకమున బెట్సీ స్మిత్ అను మానవశాస్త్రజ్ఞురాలు, బుద్ధివికాసము కొరవడిన తన సోదరునియెడ డాల్ఫిన్లు చూపిన సౌమ్యతను గమనించి ఈ మార్గమున పరిశోధనకు పూనుకొనెను. డేవిడ్ నాథన్సన్ అను మనస్తత్వవేత్త, పిల్లవాడు చెప్పినపని చేసిన తోడనే డాల్ఫినును తాకనిచ్చుటయు దానితో ఈదనిచ్చుటయు బహుమానముగా నొసగు పద్ధతి నొకదానిని నెలకొల్పెను. పిమ్మట మెక్సికో, టర్కీ, కరీబియను ద్వీపములు మున్నగుచోట్ల ఇట్టి కేంద్రములు వెలసినవి. డాల్ఫిను వెలువరించు అతిధ్వని తరంగములే మెదడును చక్కబరచునను ప్రచారమును బయలుదేరినది. ఇంతలో 1990 దశకమున స్మిత్ తానే ఈ మార్గమును విడనాడి, నిస్సహాయులైన మనుష్యులను, నిస్సహాయములైన జంతువులను ఏకకాలమున వాడుకొనుటయే ఇదియని ఖండించెను. ఎమరీ విశ్వవిద్యాలయమునకు చెందిన లోరీ మరీనో, స్కాట్ లిలియన్‌ఫెల్డ్ అను శాస్త్రజ్ఞులు 1998లో ఒకపరియు, 2007లో మరొకపరియు ఈ ప్రయోగములను శోధించి, పిల్లలు పొందిన ఉల్లాసము క్షణికమైనదే కాని అంతకుమించిన మేలు జరిగెననుటకు ఋజువు లేదని తేల్చిరి. నీటి ప్రభావమెంత, క్రొత్తచోటి ఉత్సాహమెంత, తల్లిదండ్రులు దినమంతయు ప్రక్కనే యుండుటవలన గలిగినదెంత, డాల్ఫిను వలన గలిగినదెంత యని విడదీయగల ప్రయోగము వారికి కనబడలేదు.

మనదేశమున ఈ ప్రసక్తియే లేదు. 2009లో గంగానది డాల్ఫినును జాతీయ జలచరముగా ప్రకటించిన కేంద్రప్రభుత్వము, 2013 మేలో డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి నిరాకరించినది. కావున ఈ ఆశ గలవారు సముద్రము దాటవలసినదే.

కొలనులో జరిగినదానిని తల్లి చెప్పినది. "అది దగ్గరికొస్తె నా మెడ ఇడ్వలే సారూ. చెవులు మూసుకున్నడు. గని మెట్లమీద పైపుతోని నీళ్ళు కొడుతుంటె సూసి ఒకటే నవ్వుడు. డాల్ఫిను దిక్కు సూడనే లేదు." నాలుగు ఫోటోలు, ఒక ధ్రువపత్రము, భర్తకు రెండునెలల జీతము ఖర్చు. ఆ ఫోటోలలో ఒకదానియందు బాలుడు నవ్వుచున్నాడు. తాతగారు దానినే పటము గట్టించి గోడకు తగిలించినాడు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు బాలుడు "నీ" అనెను. నీళ్ళు కావలెనని దాని యర్థము. ఆ యింటిలో వివాదము ఇచ్చటనే పుట్టినది. డాల్ఫిను మహిమ యని తాతగారు. భవిత టీచరమ్మ చలువ యని కోడలు.

మరునాడు తల్లితోకూడ ఆ భవిత కేంద్రమునకు పోయితిని. ప్రత్యేకావసరములుగల పిల్లలకొరకు సమగ్ర శిక్ష క్రింద మండలములందు నడుచు ఈ కేంద్రములు సర్కారుబడి ఆవరణలలోనే యుండును. ఒక గది, గోడలకు అక్షరముల పటములు, మూల నడక నేర్పు కర్రలు, నేలపై చాప. చెవిటిపిల్లవాడును, కాళ్ళు పట్టులేని బాలికయు, మన బాలుడును ఒకే గదిలో నేర్చుకొనవలసినదే. ఒకే ఉపాధ్యాయిని వారికందరకును సరిపోవలసినదే. ఇట్టి ఏర్పాటును నేను మెచ్చుకొనలేను. అయినను ఆమె చేసిన పనిని చూడకుండ ఉండలేకపోయితిని.

ఆమె బాలునికి ఎదురుగా చాపపై కూర్చుండి, రెండు స్టీలు గ్లాసులు ముందుంచుకొనెను. ఒకదానినుండి మరొకదానికి నీరు పోయుటయన్న బాలునకు ప్రాణము. ఆమె గ్లాసును పైకెత్తి ఊరకుండెను. బాలుడు గ్లాసువైపు చేయిచాచెను, ఆమె కదలలేదు. గోడగడియారమువైపు, కిటికీవైపు చూచి, కసరి, లేవబోయి, మరల కూర్చుండి, కడపట ఒక్క నిమేషము ఆమె కన్నులలోనికి చూచి "నీ" అనెను. తోడనే నీరు ధారగా పడినది. ఆ పనినే ఆమె మరల మరల చేసినది. ఎనిమిదినెలలుగా ఇదే పాఠమట. దుబాయి ప్రయాణమునకు ముందే ఆరునెలలు గడచినవి.

నాథన్సన్ తన కొలనులో చేసినదియు సూత్రమున ఇదియే గదా యని నాకు తోచినది: మాట ముందు, ఇష్టమైనది వెనుక. అచ్చట బహుమానము బంధించిన ప్రాణి, ఇచ్చట కుళాయినీరు. బాలునకు ఏది యిష్టమో కనిపెట్టుటయే ప్రధానమైనపుడు, తానై చెప్పలేని బాలునకు డాల్ఫిను ఇష్టమని మనమేల నిర్ణయింపవలయును?

ఈ మాటనే సాయంకాలము తాతగారితో అంటిని. ఆయన అంగీకరింపలేదు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున బత్తినివారు కొరమీనుపిల్ల నోటబెట్టి మ్రింగించు మందును ఆయన మూడేండ్లు వరుసగా మ్రింగినాడట. "చేపమందుతోని నా దమ్ము తగ్గలేదా సారూ? చేపల గుణముంటది." డాల్ఫిను పాలిచ్చి పిల్లలను పెంచు జంతువే కాని చేప గాదని చెప్పబోయి, ఆ వాదమువలన ప్రయోజనము లేదని మానుకొంటిని. నాకన్న చక్కగా కోడలే బదులుచెప్పినది: "ఆ మూడేండ్లు ఇన్హేలరు గూడ గుంజిన్రు గద మామా!"

తాతగారు నవ్వెను, కాని ఒప్పుకొనలేదు.

తండ్రి మరల డాల్ఫిను యాత్రకై ధనము కూడబెట్టుచున్నాడు. నేను ఆతనిని తప్పుపట్టను. బిడ్డ మాటకై వేచియున్న తండ్రికి శాస్త్రజ్ఞుల తీర్పుకన్న గోడమీది నవ్వు గట్టిసాక్ష్యముగా తోచుట సహజము. అయితే ఆ ధనముతో నిజామాబాదునుండి వారమునకు రెండుమారులు మాటలు నేర్పు నిపుణుని రప్పింపవచ్చునని తల్లి లెక్కగట్టినది. భవిత టీచరమ్మది ఒప్పందపు ఉద్యోగమగుటచే ఆమె రేపు ఉండునో లేదో యను భయమును తల్లికి కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజము వైకల్యముగా చేరినది గనుక ఆ ధ్రువపత్రమునకై శిబిరమునకు పోవలసిన పనియు మిగిలియున్నది. ఆ రాత్రి దుబాయినుండి ఫోను రాగా ఈ సంగతులన్నియు ఆమె భర్తకు చెప్పినది. "సూద్దాం" అని ఆతడనెనట. తాతగారు ఫోను అందుకొని, పాస్‌పోర్టు గడువు ఎప్పటివరకున్నదో చూడుమనెను.