నలభైతొమ్మిది మెట్లు

మాది గూడూరు. నిమ్మకాయల మార్కెట్టుకూ, అభ్రకపు గనులకూ పేరుపడ్డ ప్రాంతం. నా చిన్నప్పుడు మా నానీ నన్ను కసుమూరు దర్గాకు తీసుకుపోతూ ఉండేది. గూడూరు నుంచి నెల్లూరు పోయే దారిలో, వెంకటాచలం దగ్గర ఉంది కసుమూరు. అక్కడి మస్తాన్‌వలీ దర్గాకు హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు. నాకు మాత్రం దర్గా అంటే ఊదుపొగా, చక్కెర ప్రసాదమూ, జనంలో తప్పిపోకుండా గట్టిగా పట్టుకున్న నానీ కొంగూను.

పెళ్ళయి సింగపూరు వెళ్ళాను. మా వారి వాళ్ళు అక్కడ స్థిరపడిన తమిళ ముస్లిములు. ఇంట్లో అందరికన్న పెద్ద మా వారి నాయనమ్మ. ఆమెను అందరూ పాట్టి అనేవారు. తమిళం రాని తెలుగుపిల్లను తెచ్చారని ఆమెకు నామీద కోపం. ఏడాదిపాటు నాతో ఒక్క మాటా తిన్నగా మాట్లాడలేదు. నేను ఎదురుగానే ఉన్నా, "మంచినీళ్ళు తెమ్మని ఆ పిల్లతో చెప్పు," అని మా అత్తగారితో అనేది. నేను గూడూరు నుంచి తీసుకుపోయిన నిమ్మకాయ ఊరగాయ జాడీని ఆమె ముట్టనైనా ముట్టలేదు.

2019లో ఒక ఆదివారం అందరం పామర్ రోడ్డులో ఉన్న హబీబ్ నూహ్ దర్గాకు బయలుదేరాం. దారిలో మా ఆడపడుచు కొడుకు నాకు ఆయన కథ చెప్పాడు. వాడికి ఏడేళ్ళు.

హబీబ్ నూహ్ పూర్వులది యెమెన్ దేశం. 1819లో ఇంగ్లీషువాళ్ళు సింగపూరులో రేవు పెట్టిన కొద్దికాలానికే ఆయన అక్కడికి వచ్చాడు. ఆయనకు పిల్లలంటే ప్రాణమట. పేదపిల్లలను వెంటపెట్టుకుని దుకాణాల్లో దూరి, మిఠాయిలు తీసి వాళ్ళకు పంచేవాడట. డబ్బు ఇచ్చేవాడు కాదు. అయినా దుకాణదారులు ఏమీ అనేవారు కారట! ఆయన చెయ్యి పడితే బేరం బాగా సాగుతుందని వాళ్ళ నమ్మకం. "నేను అలా తీసుకుంటే అమ్మ కొడుతుంది," అన్నాడు మావాడు. 1866లో ఆయన పోతే, పామర్ గుట్టమీద సమాధి చేశారు.

ఆ గుట్ట అప్పట్లో సముద్రపు ఒడ్డునే ఉండేది. తరవాత దాన్ని చాలావరకు తవ్వి, ఆ మట్టితో సముద్రాన్ని పూడ్చి నేల చేశారు. సమాధి ఉన్న ముక్క మాత్రం అలాగే మిగిలింది. అందుచేత చుట్టూ పెద్ద పెద్ద మేడలూ, పక్కన ఎత్తుగా కట్టిన రోడ్డుమీద కార్లూ, మధ్య ఆ చిన్న గుట్టా! దాని అడుగున మసీదు ఉంది. పైకి నలభైతొమ్మిది మెట్లు.

మెట్ల దగ్గర పాట్టి ఆగిపోయింది. ఆమె మోకాళ్ళు పనిచెయ్యటం లేదు, మెట్లెక్కవద్దని డాక్టరు చెప్పాడు. పట్టుకుని ఎక్కిస్తామని మా వారు అంటే ఒప్పుకోలేదు. గోడవారగా కూచుని మెట్లకేసి చూస్తూ ఉండిపోయింది. తరవాత ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"నా బదులు నువ్వు ఎక్కు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టు," అన్నది.

నాతో ఆమె అన్న మొదటిమాట అదే. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలోనే, "అలాగే, పాట్టి," అన్నాను.

ఎక్కాను. పైన చిన్నగది. పచ్చని బట్ట కప్పిన సమాధి. గది నిండా అత్తరు వాసన, మా కసుమూరులో లాగే. నాకు తెలిసిన దువాలు చదివాను. నానీ గుర్తుకువచ్చి కళ్ళు చెమర్చాయి. ఆమె నా పెళ్ళికి ముందే పోయింది.

దిగివచ్చాక, "ఎన్ని?" అన్నది పాట్టి.

"నలభైయెనిమిది."

"ఒకటి తప్పావు. మళ్ళీ వెళ్ళు."

మావాడు పకపకా నవ్వాడు. మా అత్తగారు ఏదో చెప్పబోయింది గాని, నేను అప్పటికే తిరిగి మెట్లెక్కుతున్నాను. ఈసారి వాడు కూడా నా చెయ్యి పట్టుకుని పైకి అరుస్తూ లెక్కపెట్టాడు. నలభైతొమ్మిది. కింద నుంచి పాట్టి చెయ్యి ఊపింది.

నేను దిగివచ్చేసరికి ఒగురుస్తున్నాను. పాట్టి తన సీసాలో నీళ్ళు నాచేత తాగించింది. 1955లో రాజులా అనే ఓడ ఎక్కి నాగపట్నం నుంచి కొత్తకోడలుగా తాను ఇక్కడికి వచ్చిందట. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. దారిపొడుగునా వాంతులే. దిగిన మర్నాడే వాళ్ళత్తగారు ఆమెను ఈ మెట్లెక్కించిందట.

"లెక్కపెట్టమన్నారా?" అని అడిగాను.

"లేదు. ఆవిడ నాతో మాట్లాడితేగా!" అన్నది పాట్టి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఊరగాయ జాడీ తనవైపు లాక్కున్నది. ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువ," అని నాతోనే అన్నది. ఆ వెంటనే ఇంకో ముక్క వేసుకున్నది.