వినపడేంత నిశ్శబ్దం

అమృతలూరు ఇంటికి డెస్క్‌టాప్ తెచ్చుకున్న మొదటి మే నెల. గదిలోనే 40 డిగ్రీలు. ఎంత మంచి హీట్‌సింకైనా గది వేడికన్నా కిందికి చల్లార్చలేదు కదా. కోడ్ కంపైల్ అవుతుంటే ఫ్యాన్ నూర్పిడి మిషన్‌లా మోగేది. ఆ మోతలో ఒక రాత్రి పక్కగదిలోంచి అమ్మ మంచినీళ్లడిగితే నాకు వినపడలేదు. ‘పనిలో ఉన్నావేమోలే అనుకున్నా నాన్నా’ అంది పొద్దున్నే.

వాటర్ కూలింగ్ పెట్టిద్దామనుకున్నా. దానికీ పంపు, రేడియేటర్‌కి ఫ్యాన్లు తప్పవు. చివరికి పెద్ద హీట్‌సింకు, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు కొన్నా. ఫ్యాన్ పెద్దదైతే నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తుంది. అదే ఫ్యాన్ వేగం సగమైతే మోత దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ప్రాసెసర్‌కీ కొంచెం కళ్లెం వేశా. బిల్డ్‌కి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది.

పడనీ. వానలు మొదలయ్యాక రాత్రిళ్లు చేలల్లో కప్పల అరుపులు వినపడుతున్నాయి. అమ్మ పక్కమీద కదిలినా వినపడుతోంది.