చిలుకూరి ప్రదక్షిణములు

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట చెఱువు దాటి కొంతదూరము పోయినచో చిలుకూరు వచ్చును. 1908వ సంవత్సరమున మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట, అట్టి యాపద మఱల రాకుండుటకై కట్టబడి 1920లో పూర్తియైన జలాశయమే యీ గండిపేట. మొయినాబాదు మండలములోని యీ చిన్న గ్రామమున శ్రీదేవీ భూదేవీ సమేతుడై వేంకటేశ్వరస్వామి వెలసియున్నాడు. ఏటేట తిరుమలకు పోవు భక్తుడొకడు రోగియై కదలలేకపోగా, స్వామి కలలో కనిపించి యిచ్చటి పుట్టను చూపెనని స్థలపురాణము. భక్తుడు రాలేనపుడు దేవుడే వచ్చెనన్న మాట. ఇప్పటి భక్తులలో ననేకులు తామే దూరదేశము పోవుటకై యాయన సెలవు కోరవచ్చుచున్నారు. అందుచేతనే వీసా బాలాజీ యను పేరు వచ్చినది.

గడచిన మాఘమాసమున మా అక్కగారిని, ఆమె కుమార్తెను వెంటబెట్టుకొని మేము పోయితిమి. అల్లుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగి. పిల్ల మున్ను పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరుకొన్నది. వీసా చేతికి వచ్చినది గనుక నిక నూటయెనిమిది చేయవలెను. లెక్క తప్పకుండుటకై అంకెలు వేసిన కాగితమొకటి చేతబట్టుకొని, చుట్టు చుట్టునకు ఒక అంకెను కలముతో కొట్టివేయుచు జనులు వడివడిగా నడచుచుందురు. ఇచ్చట హుండీ లేదు. ధనవంతులకు వేఱు దర్శనమును లేదు. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

నలువదవ చుట్టునకు మా కాళ్లు పట్టుకొనగా, అక్కగారితో గూడ నీడన కూర్చుంటిమి. ప్రక్కనే యొక యిల్లాలు తన బిడ్డకు పులిహోర తినిపించుచుండెను. పండ్రెండేండ్లుగా అమెరికాలో నున్నదట, తమ్ముని పెండ్లికి వచ్చినదట. అక్కగారామెను మొదట నడిగినది జీతము మాట గాదు, ఇంటి వైశాల్యము గాదు.

“పగలంత ఒంటరిగా నుండునపుడు తలుపు తట్టువారెవరమ్మా?”

“ఎవరును రారమ్మా. ముందుగా ఫోనుచేసి యడుగక ఒకరింటికి మఱొకరు పోరు” అని యామె చెప్పెను.

ఆమె చెప్పిన సంగతులు మేమే పుస్తకమునను చదువలేదు. అచ్చట దీపపు మీటను క్రిందికి గాక పైకి నొక్కినచో వెలుగునట. విద్యుత్తు మన 230 వోల్టులు గాక 120 మాత్రమే యగుటచే, తల్లి ప్రేమతో కట్టియిచ్చిన మిక్సీ అచ్చట తిరుగదు. స్నానపుగదిలో తొట్టి వెలుపల నీరు పోవు తూము లేదు. చెంబుతో ధారాళముగ కుమ్మరించినచో క్రింది యింటివారి కప్పు తడియును. కఱ్ఱతో కట్టిన యిండ్లగుటచే పొగను కనిపెట్టు గంట కప్పునకు బిగించియుందురు. క్రొత్తలో నామె పప్పునకు తిరుగబోత పెట్టగనే యది మ్రోగెనట. కుర్చీ యెక్కి తువాలుతో విసరుచు నేడ్చినదట. ఇది చెప్పుచు నామె నవ్వినది గాని అక్కగారు నవ్వలేదు. పచ్చి కరివేపాకును విమానాశ్రయముననే తీసివేయుదురు. నారింజ జాతి చెట్లకు తెగులు మోయు పురుగు దానిపై బ్రదుకునని భయము. ఆవకాయ మాత్రము గట్టిగా మూతవేసి కొనిపోవచ్చునట.

ఇంతలో పిల్ల నీళ్లకై వచ్చినది. “నీవేమైన నుద్యోగము చేయుచుంటివా?” యని యామె యడిగెను. బ్యాంకులో ఆఱేండ్ల కొలువును పిల్ల వెనుకటి వారమే వదలినది. ఉద్యోగి భార్యగా పోవువారికి హెచ్-4 అను వీసా నిత్తురు. దానితో నివసింపవచ్చును గాని సంపాదింపరాదు. భర్తకు స్థిరనివాసపు దరఖాస్తు కొంతమెట్టు నడచిన పిమ్మట కొందఱు భార్యలకు పని యనుమతి నిచ్చు పద్ధతి 2015లో వచ్చినది. ఆ మెట్టునకే యేండ్లు పట్టవచ్చును. పిల్లకీ సంగతి యెల్ల తెలియును. తల్లికి తెలియదు.

“పోయిన నెలలో నిచ్చటికన్న పెద్ద కొలువు దొరకునంటివి గదే?” యని అక్కగారనిరి.

“నీవు బెంగపడుదువని చెప్పలేదమ్మా” యని పిల్ల కాగితమువంక చూచుచు నిలిచినది. డెబ్బదియొకటివఱకు కొట్టివేసియుండెను.

అల్లుని జీతమును పదిమందిలో చెప్పుకొనుటలో మా యింటివారెవరును వెనుకబడలేదు. పిల్ల వదలుకొన్న జీతమును లెక్కించినవారు మాలో నొక్కరును లేరు, మేమును లెక్కింపలేదు.

పిల్ల మఱల చుట్లకు పోయినది. అక్కగారు చాలసేపు మాటలాడలేదు. పిదప లేచి, మోకాళ్ల నొప్పి యని ప్రొద్దుటినుండి కదలనావిడ, కూతురి ప్రక్కన నడువసాగిరి. మిగిలిన చుట్లన్నియు నిద్దఱును కలసియే తిరిగిరి. ఏమి మాటలాడుకొనిరో మాకు వినబడలేదు.

నూటయెనిమిదవ అంకెను కొట్టివేసిన పిమ్మట అక్కగారా కాగితమును కూతురి చేతినుండి తీసికొని, ఆ యిల్లాలియొద్దకు వచ్చి గడియారము సంగతి యడిగిరి. ఆమె చెప్పగా కాగితము వెనుక వ్రాసికొనిరి: మనకు ఉదయము 7 గంటలైనపుడు వారికి ముందటి రాత్రి 7-30. మార్చి నెల రెండవ ఆదివారమున వారు గడియారమును గంట ముందునకు త్రిప్పుదురు. నవంబరు మొదటి ఆదివారమువఱకు 8-30.