సిలోసో ఫిరంగుల దగ్గర ఒక లేత్ పనివాడు

సెంతోసా దీవి పడమటి కొసన సముద్రం ఇరుకవుతుంది. అటు లాబ్రడార్ గుట్ట, ఇటు సిలోసో గుట్ట. పడమటి నుంచి సింగపూర్ రేవులోకి వచ్చే ఓడ పాత రోజుల్లో ఈ రెంటి నడుమ నుంచే పోయేది. బ్రిటిష్‌వాళ్లు కోటకు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో పైన నిలబడి చూస్తే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఓడల రాకపోకలు పెరిగాయి, రేవుకు కాపలా కావాల్సి వచ్చింది. 1870ల చివర్లో ఈ గుట్ట నెత్తిని పేల్చి, చదును చేసి, ఫిరంగులకు గద్దెలు కట్టారు.

మా అమ్మాయి వాళ్లుండేది సింగపూర్‌లో. చూడదగ్గవి అక్కడ చాలా ఉన్నాయి, నేను మాత్రం సిలోసోకే తీసుకుపొమ్మన్నాను. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మీద, బోరింగ్ మెషిన్ మీద బతుకు గడిపినవాణ్ణి. ఇనుప గొట్టం లోపలి పని ఎలాంటిదో నా చేతులకు తెలుసు.

గుట్ట మీదికి లిఫ్టులో ఎక్కి, చెట్ల కొమ్మల పైనుంచి నడిచి పోవచ్చు. 2015లో తెరిచిన ఆ నడక వంతెన పొడవు 181 మీటర్లు, ఎత్తు 11 అంతస్తులంత. మనవడికి అదే పండగ. నా మనసు మాత్రం ముందున్న ఫిరంగుల మీదే ఉంది.

వాటిలో పాత కాలపువి 7 అంగుళాల ఫిరంగులు. మందూ గుండూ మూతి వైపు నుంచే దట్టించాలి. మూతి దగ్గర వంగి చూస్తే, రంగు పూతల కింద కూడా మెలికగా లోపలికి పోయే గాడులు కనిపించాయి. గుండు చుట్టూ కంచు బొడిపెలుండేవి. అవి సరిగ్గా ఆ గాడుల్లో కూర్చుంటేనే గుండు లోపలికి దిగేది. పేలినప్పుడు అదే గాడి వెంట తిరుగుతూ బయటికొచ్చేది. తిరిగే గుండు గాలిలో పల్టీ కొట్టదు, అనుకున్న చోటికి పోతుంది. ఇక గొట్టం కట్టిన తీరు చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. లోపల ఉక్కు గొట్టం. దాని మీదికి ఎర్రగా కాల్చిన ఇనుప చుట్టలు తొడిగి చల్లారనిచ్చేవారు. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించినట్టే. చల్లారిన ఇనుము ముడుచుకుని లోపలి గొట్టాన్ని పట్టేస్తుంది, పేలుడు ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. మా షాపుల్లో దీన్ని ష్రింక్ ఫిట్ అంటాం, బేరింగులు వేడి చేసి షాఫ్టుకు ఎక్కించేది ఇలాగే. అంత లావు గొట్టానికి, కంప్యూటర్ మెషిన్లు లేని రోజుల్లో ఆ కొలత తప్పకుండా పట్టుకున్నవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

తర్వాతి కాలపు 6 అంగుళాల ఫిరంగులకు మందు, గుండు వెనక నుంచే ఎక్కిస్తారు. గుండు బరువు దాదాపు 45 కిలోలు. కొండ లోపల సొరంగాల్లో మందు ఒకచోట, గుండ్లు ఒకచోట దాచేవారు. కాస్త దూరంలో జంట గొట్టాల ఫిరంగి ఉంది. వేగంగా దూసుకొచ్చే టార్పెడో పడవల కోసం పెట్టిందది. పక్కన దాన్ని నడిపించే కమాండ్ టవర్, రాత్రిపూట నీళ్ల మీద వెలుగు పరిచే సెర్చ్‌లైట్లు. కొలిచేవాడు ఒకడు, లెక్క కట్టేవాడు ఒకడు, పేల్చేవాడు ఒకడు.

"తాతా, ఇది ఇప్పుడు పేలుతదా?" అని మనవడు అడిగాడు. పేలదని చెప్పాను. పేలాల్సిన రోజున ఏం జరిగిందో కూడా చెప్పాల్సి వచ్చింది.

సింగపూర్ పతనం మాటెత్తితే అందరూ చెప్పే కథ ఒకటే: ఫిరంగులన్నీ సముద్రం వైపు చూస్తుంటే జపాన్ వెనక నుంచి వచ్చిందని. శత్రువు ఉత్తరం నుంచి వచ్చిన మాట నిజమే. 1941 డిసెంబర్ 8న మలయా తీరంలో దిగిన జపాన్ సేన అడవుల మీదుగా కిందికొచ్చి, 1942 ఫిబ్రవరి 8 రాత్రి జొహోర్ జలసంధి దాటింది. కానీ ఫిరంగులు తిరగలేదనడం అబద్ధం. సిలోసో ఫిరంగులను నేల వైపు తిప్పి, ముందుకొస్తున్న సేనల మీద కాల్చారు. మిగతా కోటల్లోనూ చాలా ఫిరంగులు తిరిగాయి. లోటు గుండ్లలో ఉంది. నిల్వ ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఓడల ఉక్కు కవచాన్ని చీల్చడానికి చేసినవి. వాటి గోడలు మందం, లోపల పేలుడు మందు తక్కువ. మెత్తటి నేలలో పడితే లోతుగా దిగబడి అక్కడే పేలతాయి. విడిగా కదిలే సైనికులను ఆపాలంటే పల్చటి గోడలతో, ముక్కలై చెదిరే గుండ్లు కావాలి. అవి కొద్దిగానే ఉన్నాయి. పోతే, అప్పటికే యుద్ధవిమానాలూ చాలవు, డిసెంబర్ 10నే రెండు పెద్ద యుద్ధనౌకలు మునిగిపోయాయి. ఫిబ్రవరి 15న ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాని పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఇచ్చిన డ్రాయింగు ప్రకారం సరిగ్గా తయారైన సరుకు మీద, ఆర్డరు రాసినవాడి తప్పును రుద్దడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఎనభై ఏళ్లుగా ఈ ఫిరంగులకు జరుగుతున్నది అదే.

ఆ లొంగుబాటు గదిని మైనపు బొమ్మలతో ఇక్కడ చూపిస్తారు. బొమ్మల ముందు జనం ఫోటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఆ బల్ల దగ్గర లేనివాళ్లే గుర్తొచ్చారు. సింగపూర్ తీర ఫిరంగుల దగ్గర పంజాబ్ నుంచి చేరిన మన గన్నర్లూ పనిచేశారు. లొంగుబాటైన రెండో రోజున ఫారర్ పార్కులో నలభై వేలకు పైగా భారతీయ సిపాయిలను జపాన్‌కు అప్పగించారు. ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టింది ఆ మైదానం నుంచే. మలయా రబ్బరు తోటల్లో పనిచేస్తున్న తెలుగు, తమిళ కూలీలను జపాన్‌వాళ్లు సయాం రైలు మార్గం పనికి తోలుకుపోతే, వాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. సింగపూర్ పోయిన రెండు నెలలకే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే పేరు ఇప్పటికీ నిలిచే ఉంది. ఈ దీవి కథ మన తీరం దాకా వచ్చిన కథే.

1956లో బ్రిటన్ తన తీర ఫిరంగి దళాలను రద్దు చేసింది. ఫిరంగులు తుక్కు కింద పోయాయి. ఈ గుట్ట మీద ఇప్పుడున్నవాటిలో చాలా వరకు వేరే చోట్ల నుంచి వెతికి తెచ్చి నిలబెట్టినవే. అప్పటి పన్నెండు తీర కోటల్లో ఇలా నిలిచింది సిలోసో ఒక్కటే. 2022లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

తుక్కు అన్న మాట దగ్గరే నా ఆలోచన మా ఊరికి మళ్లింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో మూతబడిన షెడ్ల నుంచి మంచి మంచి లేత్‌లు, షేపర్లు కిలోల లెక్కన తూకానికి పోయాయి. ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఫ్యాక్టరీలో యుద్ధవాహనాలు తయారవుతున్నాయి. అక్కడి పనితనం గురించి చుట్టుపక్కల పిల్లలకు తెలిసింది తక్కువ. సంగారెడ్డి పాత జైలును 2016లో మ్యూజియం చేసి జనానికి చూపించగలిగాం. అలాగే ఒక్క షెడ్డు దొరికితే చాలు. పాత మెషిన్లు నిలబెట్టి, ఆన్ చేసి, ఇనుప చెక్కు ఎలా లేస్తుందో పిల్లలకు చూపించడానికి రిటైరైన టర్నర్లు, ఫిట్టర్లు మా కాలనీలోనే చాలామంది ఉన్నారు. పిలిస్తే రేపే వస్తారు.