వీపు నేలనంటిన పిమ్మట

క్రిందపడిన స్త్రీకి ఇక గతి లేదని మేము చిరకాలము నమ్మియుంటిమి. మన కుస్తీలోను వీపు నేలనంటినచో ఓటమియే కదా! మొన్నటి వేసవిలో, అల్లవరమున మా యింటి వసారాలో, ఆ నమ్మకము తలక్రిందయినది.

పట్టణమున జుజుత్సు నేర్చుకొనుచున్న మా అన్నగారి కుమార్తె సెలవులకు వచ్చెను. మమ్ము పరుపుపై వెల్లకిల పరుండబెట్టి, పొట్టపై కూర్చుండి, "లెండి, అత్తయ్యా!" అనెను. రెండుచేతులతో త్రోసితిమి. చేతులు నొచ్చినవే కాని ఆమె కదలలేదు. భయముచే కన్నీరు వచ్చినది.

"త్రోయకుడు, పట్టుకొనుడు" అని ఆమె నేర్పెను. ఆమె కుడిచేతిని రొమ్మునకు హత్తుకొని, మా ఎడమపాదముతో ఆమె కుడిపాదమును వెలుపలనుండి బంధించి, మోకాళ్లు ముడిచి, నడుము పైకెత్తి ఎడమభుజముమీదుగా పొరలితిమి. ఆ ప్రక్క ఆనుటకు చేయిగాని కాలుగాని లేక, బరువు ఒరిగిన దోనెవలె ఆమె బోర్లగిలెను. మేము పైకి వచ్చితిమి!

పైనున్నవారికి చేతులు కాళ్లే ఆధారము. క్రిందనున్నవారికి భూదేవి యంతయు ఆధారము. ఇందలి రహస్యమింతే. బలముకంటె సమయము ముఖ్యము. అయినను గురువు లేక, గట్టినేలపై దీనిని ప్రయత్నింపరాదు.

1929లోనే రవీంద్రనాథ ఠాగూరుగారు జపాను నుండి తకగాకిగారిని శాంతినికేతనమునకు రప్పించి, బాలికలకు సైతము ఈ విద్య నేర్పించిరి. మేమో, మా అమ్మాయికి "అణగియుండుము" అనియే నేర్పుచు వచ్చితిమి. ఆమె గుమ్మమున నిలిచి అంతయు చూచుచుండెను. మేమే ఆమెను పరుపుమీదికి పిలిచితిమి.